విప్పని పొట్లం: ‘ది గోల్డ్‌ఫించ్’లో దుఃఖం ఎక్కడుంది?

డోనా టార్ట్ నవల ‘ది గోల్డ్‌ఫించ్’ గురించి చదువరుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. మొదటి రెండు వందల పేజీలు కట్టిపడేస్తాయట. లాస్ వేగస్ భాగం ఒట్టి సాగదీత అట. ఆమ్‌స్టర్‌డామ్ చేరాక కథ మళ్ళీ పరుగందుకుంటుందట, ఆఖరి పేజీల్లో మంచి తత్వం ఉందట. నా లెక్కలో ఇది దాదాపు తలకిందులైన అంచనా. ఈ పుస్తకానికి గుండెకాయ వేగస్ భాగమే. కథ పరుగందుకున్న చోటే దుఃఖం చేజారిపోయింది. ఇక ఆ తత్వం ఉందే, అది నవలకు అక్కర్లేదు. మలుపులన్నీ బయటపెట్టకుండా ఈ వాదన చెయ్యలేను. చదవాలనుకుంటున్నవాళ్ళు పుస్తకం ముగించాకే ఇటు రావడం మంచిది.

ముందు పుస్తకం కొలతలు. 2013లో వచ్చింది. అమెరికా అట్టబైండు ప్రతి 771 పేజీలు. అయిదు భాగాలు, పన్నెండు అధ్యాయాలు. ఆడియో పుస్తకం 32 గంటల పైమాటే. 2014లో పులిట్జర్ బహుమతి వచ్చింది. టార్ట్ మొదటి నవల 1992లో, రెండోది 2002లో వచ్చాయి, అంటే ఒక్కో పుస్తకానికి పదేళ్ళు తీసుకునే రచయిత్రి. అంత నెమ్మదిగా రాసే మనిషి నూట యాభై పేజీలకు పైగా అజాగ్రత్తగా సాగదీసిందని నమ్మడం కష్టం. అలా నమ్మేముందు ఆ పేజీలు ఏం పని చేస్తున్నాయో చూడాలి.

పేరుకు మూలమైన బొమ్మ నిజమైనదే. కారెల్ ఫాబ్రిటియస్ 1654లో చెక్క పలక మీద తైలవర్ణాలతో వేశాడు. ఎత్తు 33.5 సెంటీమీటర్లు, వెడల్పు 22.8. ఏ4 కాగితం కంటే రవ్వంత పెద్దది. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. లేత గోడ, దానికి బిగించిన చిన్న పెట్టె, పెట్టె మీది కమ్మీ మీద కాలికి సన్నటి గొలుసున్న పిట్ట. అంతే బొమ్మ. దగ్గరికెళ్తే రెక్క మీది పసుపు రంగు గీత కుంచె దెబ్బగా విడిపోతుంది, రెండడుగులు వెనక్కి వేస్తే మళ్ళీ రెక్క అవుతుంది. అదే ఏడాది అక్టోబరు 12న డెల్ఫ్ట్ నగరంలో మందుగుండు కొట్టు పేలి ఊళ్ళో పెద్ద భాగం నేలమట్టమైంది, ఫాబ్రిటియస్ అందులోనే పోయాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్ళు. పేలుడులో పోయిన చిత్రకారుడి బొమ్మ ఇంకో పేలుడులో ఒక పిల్లాడి చేతికి రావడం టార్ట్ కల్పన. ఆ పరిమాణం కూడా కథకు అవసరమే. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వేసినలాంటి పెద్ద కాన్వాస్ అయితే పదమూడేళ్ళ పిల్లాడు సంచిలో వేసుకుని పొగలోంచి బయటపడలేడు.

ఇప్పుడు ఆ రోజు సంగతి. కథానాయకుడు థియో డెకర్‌ని బడిలో సస్పెండ్ చేశారు. మాట్లాడడానికి రమ్మంటే తల్లి ఆఫీసు మానుకుని వాణ్ణి తీసుకుని బయల్దేరింది. ట్యాక్సీలో వాసనకి కడుపులో తిప్పి ఆమె మధ్యలోనే దిగిపోయింది. వాన పట్టుకుంది. ఇంకా టైముంది కదా అని ఇద్దరూ మెట్రోపాలిటన్ మ్యూజియంలోకి వెళ్ళారు. అక్కడ ఒక ముసలాయనతో వచ్చిన ఎర్రజుట్టు పిల్లని చూస్తూ వీడు ఆగిపోయాడు. తల్లి ఇంకో బొమ్మని మరోసారి చూసొస్తానని వెళ్ళింది. బాంబు పేలింది.

ఈ వరసలో ఏ ఒక్కటి జరక్కపోయినా ఆమె బతికేది. వాడు బడిలో తప్పు చెయ్యకపోతే, ట్యాక్సీ ఇంకోటి దొరికుంటే, వాన అరగంట ఆలస్యమైతే, ఆ పిల్ల కంటబడకపోతే. దుఃఖం అంటే ఏడుపని రాసే నవలలు బోలెడు. టార్ట్‌కి తెలిసిందేమిటంటే, పిల్లల విషయంలో అది ముందు లెక్కగా మొదలవుతుంది. ఎక్కడ తప్పిందో వెతికే లెక్క. ఎన్నిసార్లు కూడినా జవాబు ‘నా వల్లే’ అని వస్తుంది. పత్రికల్లో తరచూ కనబడే ‘దుఃఖానికి అయిదు దశలు’ ఈ లెక్కకి సరిపోవు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలు రాసింది చావు ముంగిట ఉన్న రోగుల గురించి. వెనక మిగిలినవాళ్ళకి వాటిని అన్వయించడం తర్వాతి మాట. థియోలో మెట్లు ఎక్కడం, దిగడం లేదు. చివరిదాకా ఒకే లెక్క వేస్తూ ఉంటాడు.

రెండో అధ్యాయం మొదటి పేజీలు ఈ నవలలో అన్నిటికన్నా గట్టివి. పేలుడు తర్వాత వాడు ఇంటికి నడిచిపోతాడు. తప్పిపోతే ఇంటి దగ్గర కలుసుకోవాలని తల్లీకొడుకుల ఒప్పందం. ఇల్లు ఖాళీగా ఉంది. ముందే చేరి ఉంటుందనుకున్నాడు, లేదు. దారిలో ఉండుంటుంది. టీవీలో నంబరు వస్తే ఫోన్ చేసి అమ్మ పేరు చెప్తాడు, జాబితాలో లేదంటారు. లేదంటే బాగానే ఉన్నట్టే కదా అని వాడు సర్దుకుంటాడు. చివరికి గుమ్మం దగ్గర గంట మోగుతుంది. ఆమె దగ్గర తాళంచెవి ఉంటుంది కదా, గంట ఎందుకు మోగిస్తుంది? వచ్చింది పిల్లల సంరక్షణ శాఖవాళ్ళు. గమనిస్తే ఇక్కడ విశేషణాలు లేవు, పోలికలు లేవు. పనులే ఉన్నాయి. ‘మరణవార్త విని కుప్పకూలాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్ళు ఈ పేజీల్ని పక్కన పెట్టుకుని రాయడం నేర్చుకోవచ్చు.

తర్వాత పార్క్ అవెన్యూలో బార్బర్ల ఇల్లు. స్నేహితుడి ఇల్లే, డబ్బున్నవాళ్ళే, ఎవరూ ఒక్క మాట అనరు. అయినా వాడు అక్కడ అడుగు తీసి అడుగు వేస్తే ఎవరికి ఇబ్బందో అన్నట్టు బతుకుతాడు. ముసలాయన చనిపోతూ ఇచ్చిన ఉంగరం పట్టుకుని గ్రెనిచ్ విలేజ్‌లో పాత సామాన్లు బాగుచేసే హోబీ దగ్గరికి వెళ్తాడు. ఇక్కడివరకు మొదటి భాగం. దీన్ని అందరూ మెచ్చుకుంటారు, నాకూ పేచీ లేదు.

అసలు గొడవ రెండో భాగంతో. ఎప్పుడో వదిలేసి పోయిన తండ్రి వచ్చి వాణ్ణి లాస్ వేగస్ శివార్లకి పట్టుకుపోతాడు. ఎడారి అంచున సగం కట్టి వదిలేసిన కాలనీ, ఖాళీ ఇళ్ళు, రోడ్డు మీద పేరుకున్న ఇసుక. చెత్త తీసుకెళ్ళే బండి కూడా రాదు. తండ్రి జూదరి. అక్కడ బోరిస్ దొరుకుతాడు. తల్లి లేదు, గనుల్లో పనిచేసే తండ్రి తాగి కొడతాడు. ఇద్దరు కుర్రాళ్ళు తాగుతారు, దొంగతనంగా తిండి తెచ్చుకుంటారు, సినిమాలు చూస్తారు, నిద్రపోతారు, మళ్ళీ తాగుతారు. ఏ రోజు ఏదో తెలియకుండా పేజీలు గడుస్తాయి. ‘ఏమీ జరగడం లేదు’ అని విసుక్కునేది ఇక్కడే.

కానీ ఇక్కడే అన్నిటికన్నా పెద్ద సంఘటన జరిగిపోయింది. ఒక రాత్రి తాగిన మైకంలో థియో ఆ బొమ్మని బోరిస్‌కి చూపించాడు. తెల్లారాక ఆ సంగతే గుర్తులేదు. బోరిస్ దాన్ని కాజేసి, దాని చోట పౌరశాస్త్రం పాఠ్యపుస్తకం పెట్టి అంటించేశాడు. ఈ విషయం థియోకి, మనకి తెలిసేది ఏళ్ళ తర్వాత, వందల పేజీల అవతల. వాడి తాగుడు నవలకు రంగు పులమడానికి పెట్టింది కాదు. వాడు మరిచిపోవడం మీదే కథంతా తిరుగుతోంది. ఆ మరపుని మనం నమ్మాలంటే ఒకేలాంటి రోజులు చాలా కావాలి. పది పేజీల్లో ముగిస్తే, ‘ఆ రాత్రి ఏదో జరిగింది’ అని చదువరి పసిగట్టేస్తాడు. నూట యాభై పేజీల్లో మనమూ వాడిలాగే ఆ రాత్రిని దాటేసి వెళ్ళిపోతాం. ఇంతకన్నా పొదుపుగా ఈ పని చెయ్యడం సాధ్యమని నాకు తోచడం లేదు.

ఇంకో కారణమూ ఉంది. ఆ పేజీల్లో తల్లి పేరు చాలాసేపు రాదు. వాడు నిద్రలో అరుస్తుంటే పక్కనున్న బోరిస్ సముదాయిస్తాడు, పొద్దున్నే ఇద్దరూ ఆ ఊసెత్తరు. పిల్లలు దుఃఖపడే తీరు పెద్దవాళ్ళకి అర్థం కాకపోవడానికి ఇదే కారణం. గంటసేపు ఆడుకుంటారు, అయిదు నిమిషాలు కుప్పకూలతారు, మళ్ళీ ఆడుకుంటారు. చూసేవాళ్ళు ‘వీడు తేరుకున్నాడు’ అనుకుంటారు. అమెరికన్ మానసిక వైద్య సంఘం 2022లో సవరించిన తన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో దీర్ఘకాలిక శోకాన్ని ఒక వ్యాధిగా చేర్చింది. పెద్దవాళ్ళకి కనీసం 12 నెలలు, పిల్లలకి 6 నెలలు దాటితేనే ఆ మాట వాడాలంది. అప్పటికి తొమ్మిదేళ్ళ ముందే వచ్చిన ఈ నవలలో ఆ లక్షణాలు పూసగుచ్చినట్టు ఉన్నాయి. తల్లి పోయిన చోటుకి సంబంధించిన వస్తువుని వదలలేకపోవడం, దాన్ని చూడలేకపోవడం, తన బతుకు అక్కడే ఆగిపోయిందన్న భావం.

వస్తువుని వదలలేడు, చూడలేడు. ఆ రెండూ కలిసిందే ఆ పొట్లం. బొమ్మని దిండు గలీబులో చుట్టి, టేపు మీద టేపు వేసి, ముందు మంచం తలవైపు చెక్క వెనక, తర్వాత న్యూయార్క్‌లో అద్దె గోదాములో దాచి ఉంచుతాడు. ఉందన్న ధైర్యం చాలు, విప్పడు. విప్పి ఉంటే అది పౌరశాస్త్రం పుస్తకమని ఎప్పుడో తెలిసేది. ఈ దాపరికం నమ్మశక్యంగా లేదని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు. నాకు పూర్తిగా నమ్మశక్యంగా ఉంది. పోయినవాళ్ళ బీరువా తాళం ఏళ్ళ తరబడి తియ్యని ఇళ్ళు మనందరికీ తెలుసు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ చదివినవాళ్ళకి ఇక్కడ దయానిధి గుర్తుకు రాక మానడు. కాకపోతే దయానిధిని తరిమేది తల్లి మీద లోకం వేసిన నింద, థియోని తరిమేది తన మీద తాను వేసుకున్న నింద. దయానిధి ఊళ్ళు మారి పారిపోవాలని చూస్తాడు. థియో ఎక్కడికెళ్ళినా ఆ పొట్లాన్ని వెంటబెట్టుకునే వెళ్తాడు.

నాలుగో భాగంలో ఎనిమిదేళ్ళు దాటి, థియో హోబీ దుకాణంలో భాగస్వామిగా తేలుతాడు. హోబీ పనితనం గురించి రాసిన పేజీలు నాకు ప్రాణం. పాత చెక్క సామాను అసలుదో నకిలీదో ఎలా పట్టాలో అక్కడ విడమరిచి ఉంది. అరుగుదల సమంగా ఉంటే అనుమానించాలి. నిజంగా వాడిన కుర్చీలో కుడి చెయ్యి ఆనే చోట ఎక్కువ అరుగుతుంది, ఎండ పడిన వైపు రంగు వెలుస్తుంది, ఎవరూ ముట్టుకోని మూల కొత్తగా ఉంటుంది. నకిలీ చేసేవాడు అన్ని అంచుల్నీ ఒకే శ్రద్ధతో రుద్దుతాడు, అక్కడే దొరికిపోతాడు. ఈ విద్య తెలిసినవాళ్ళు ఇంకో పరీక్ష కూడా చేస్తారు. చెక్క కాలం గడిచేకొద్దీ నారకి అడ్డంగా కుంచించుకుంటుంది కాబట్టి రెండు వందల ఏళ్ళ గుండ్రటి బల్ల సరిగ్గా గుండ్రంగా ఉండదు. టేపుతో నార వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిస్తే తేడా దొరుకుతుంది. రెండు కొలతలూ సమానమైతే బల్ల కొత్తదని అనుమానించాలి.

హోబీ పాత ముక్కలతో సరదాకి కట్టిన సామాన్లని థియో అతనికి తెలియకుండా అసలు పాతవని అమ్మేస్తాడు. ఈ మోసం ఎందుకని అడిగేవాళ్ళకి జవాబు నవలలోనే ఉంది. తనే ఒక నకిలీనని నమ్మినవాడికి నకిలీ అమ్మడం పెద్ద తప్పుగా తోచదు.

హోబీ చెప్పిన ఆ అరుగుదల పరీక్షనే నవలకి పెడితే? వేగస్ భాగంలో అరుగుదల ఎగుడుదిగుడుగా ఉంది, అందుకే అసలైనది. నాలుగో భాగంలో శ్రీమతి బార్బర్ కూడా అంతే. మొదట్లో కడిగిన ముత్యంలా, చల్లగా, దూరంగా ఉండే మనిషి. భర్త, కొడుకు ఆండీ పడవ ప్రమాదంలో పోయాక మంచం దిగడం మానేసి, ఒకప్పుడు తను పరాయివాడిలా చూసిన థియో చెయ్యి పట్టుకుని వదలదు. పడవంటేనే గిట్టని పిల్లాణ్ణి తండ్రి పడవెక్కించాడు. ఆమె కూడా ‘అలా జరక్కపోయుంటే’ అన్న లెక్కలోనే ఉంది. టార్ట్ ఆ మాట పైకి చెప్పదు. ఆ గదికి ఇంకో ఇరవై పేజీలు ఇచ్చినా నేను చదివేవాణ్ణి.

బదులుగా మనకి దక్కింది ఆమ్‌స్టర్‌డామ్ కాల్పులు. బోరిస్ తిరిగొచ్చి, బొమ్మ దొంగల చేతుల్లో ఉందని చెప్పి, థియోని అక్కడికి లాక్కుపోతాడు. తుపాకులు పేలతాయి, థియో ఒకణ్ణి చంపుతాడు, బొమ్మ మళ్ళీ చేజారుతుంది. తర్వాత అతను పాస్‌పోర్టు లేక హోటల్ గదిలో జ్వరంతో పడి ఉంటే, బోరిస్ బయట అన్నీ చక్కబెట్టి వచ్చి, జరిగిందంతా కూర్చుని చెప్తాడు. పోలీసులకి సమాచారం, బొమ్మ భద్రం, బహుమతి డబ్బు. నవలలోని అతిపెద్ద ముడి కథానాయకుడు లేని చోట విడిపోయి, సంభాషణలో మనకి అందుతుంది. లొంగిపోదామని అతను తీసుకున్న ఒకే ఒక్క నిర్ణయం కూడా అమలుకి రాకముందే రద్దవుతుంది. పద్నాలుగేళ్ళ అపరాధభావాన్ని ఒక స్నేహితుడి చాకచక్యం మాఫీ చేసేసినట్టుంది. ఇక్కడ నిలబడేది ఒక్కటే, కలలో తల్లి అద్దంలో కనబడే ఆ పేజీ. వెనక్కి తిరిగితే ఉండదు, అద్దంలోనే చూడాలి. నవల మొదటి పేజీల్లోనే ఈ కల ప్రస్తావన ఉంది, అందుకే వచ్చినప్పుడు నిజమనిపిస్తుంది.

చిన్న లోపాలు ఇంకా ఉన్నాయి. సంవత్సరాల లెక్క కుదరదు. పేలుడు పద్నాలుగేళ్ళ కిందటి సంగతని మొదట్లోనే చెప్పిన నవల 2013లో వచ్చింది. వేగస్‌లో ఆ ఖాళీ కాలనీలేమో 2007 తర్వాతి ఇళ్ళ అప్పుల సంక్షోభాన్ని తలపిస్తాయి. అలాగే పిప్పా. అదే పేలుడులో దెబ్బతిన్న ఆ ఎర్రజుట్టు పిల్ల, థియో ప్రేమించే మనిషి. ఆమెకి తన సొంత దుఃఖం ఉండే గది దాదాపు లేదు. తామిద్దరిదీ ఒకే గాయం కాబట్టి ఒకరు మునిగితే రెండోవాళ్ళూ మునుగుతారన్న ఆమె ఆలోచన మాత్రం ఈ పుస్తకంలో తెలివైన మాటల్లో ఒకటి.

న్యూయార్కర్ పత్రికలో విమర్శకుడు జేమ్స్ వుడ్ ఈ నవలని పిల్లల సాహిత్యంతో జమకట్టాడు. న్యూయార్క్ టైమ్స్‌లో నవలాకారుడు స్టీఫెన్ కింగ్ ఆకాశానికెత్తాడు. అనాథ, దయగల పెద్దాయన, దుష్టుడైన తండ్రి, అనుకోని కలయికలు: ఆంగ్ల నవలాకారుడు డికెన్స్ సరంజామా అంతా ఉన్న మాట నిజమే. వుడ్‌తో నా పేచీ ఒక్కటే. ఆ సరంజామా బరువు రెండో సగంలో పడింది. మొదటి సగం దానికి ఎంతో దూరంగా నిలబడుతుంది.

ఇక ఆ చివరి పేజీలు. కళకీ సత్యానికీ మధ్య ఉన్న చోటు గురించి, అందం కాలాన్ని దాటడం గురించి, మనసు ఎటు లాగితే అటు పోక తప్పకపోవడం గురించి థియో సుదీర్ఘంగా మాట్లాడతాడు. చాలామంది గీతలు గీసుకున్న వాక్యాలు అక్కడివే. అయిదో భాగం మొదట్లో టార్ట్ జర్మన్ తత్వవేత్త నీషే మాటని ముందే పెట్టింది, సత్యం వల్ల చచ్చిపోకుండా ఉండడానికే మనకి కళ ఉందని. ఆ తర్వాత పేజీల తరబడి అదే మాట. అంచులన్నీ సమంగా రుద్దిన అరుగుదల. పైగా అంతకుముందే అసలు ముగింపు ఉంది. థియో తను అమ్మిన నకిలీ సామాన్లని ఊరూరా తిరిగి డబ్బు చెల్లించి వెనక్కి కొంటూ ఉంటాడు. తల్లి విషయంలో సరిచెయ్యలేని లెక్కని, చెయ్యగలిగిన ఇంకో చోట ఒక్కో సామానుకీ సరిచేస్తున్నాడు. అక్కడ ఆపి ఉంటే ఒక్క తత్వవాక్యం కూడా అవసరమయ్యేది కాదు. టార్ట్ ఆ పనిని గబగబా దాటించి, ఉపన్యాసానికి చోటిచ్చింది.

నిడివి అనవసరమనేవాళ్ళు 2019లో జాన్ క్రౌలీ తీసిన సినిమా చూడాలి. 149 నిమిషాలు. రోజర్ డీకిన్స్ కెమెరా, నికోల్ కిడ్‌మన్ శ్రీమతి బార్బర్‌గా. చిన్నతనాన్ని, పెద్దతనాన్ని కలగలిపి ముందుకీ వెనక్కీ నడిపారు. సంఘటనలన్నీ ఉన్నాయి, కానీ ఎదురుచూపు లేదు, మరపు లేదు. పొట్లంలో బొమ్మ లేదని తెలిసినప్పుడు నవలలో కాళ్ళ కింద నేల కదులుతుంది, సినిమాలో అది ఇంకో సమాచారం.

మొదలుపెట్టబోయేవాళ్ళకి నా సలహా. మొదటి రెండు అధ్యాయాలూ ఒకే కూర్చుడులో చదవండి, మధ్యలో ఆపితే ఆ సాయంత్రం ఎదురుచూపు తెగిపోతుంది. నాలుగో అధ్యాయం చివర, ఆరో అధ్యాయం చివర ఆగొచ్చు. వేగస్ మధ్యలో విసుగొస్తే పేజీలు దాటెయ్యకండి, రోజుకి ముప్పై పేజీల చొప్పున నడపండి. పదో అధ్యాయం తర్వాత వేగంగా చదివినా నష్టం లేదు. దగ్గరివాళ్ళు పోయి ఏడాది తిరగనివాళ్ళు మాత్రం పదకొండో అధ్యాయాన్ని ఒంటరిగా, రాత్రిపూట చదవొద్దు. హోటల్ గదిలో థియో చావాలనుకునే పేజీలు చాలా దగ్గరగా, చాలా వివరంగా ఉన్నాయి. మత్తుమందుల వాడకం పుస్తకం పొడుగునా ఉంది, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకి బహుమతిగా కొనేవాళ్ళు అది తెలుసుకుని కొనాలి.